కౌంటర్ వెనక బాలింత

చీరల దుకాణంలో తుమ్ములెక్కువ. కొత్త మూట విప్పగానే గంజి పొడి, నూలు దుమ్ము నేరుగా ముక్కులోకి పోతాయి. మదీనా నుంచి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా బారులు తీరిన బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్లు దాన్ని లెక్కచెయ్యరు. కాన్పు సెలవు అయిపోయి మళ్లీ కౌంటర్ దగ్గర నిలబడిన మొదటి వారంలో మాత్రం ఆ తుమ్మే గండమవుతుంది.

"తుమ్మొస్తున్నదంటే కాళ్లు దగ్గరికి ముడుసుకుంటున్న అక్కా. నల్ల పాయింటు తప్ప వేరేది తొడుగుతలేను" అంది లాల్ దర్వాజా నుంచి నడిచొచ్చే ఒకమ్మాయి. కొడుక్కి ఐదో నెల. ఇంట్లో చెప్పావా అంటే చెప్పాను అంది. అత్తగారు "పిల్లలు పుట్టినంక అందరికీ గంతే" అన్నదట.

అత్తగారి మాటలో సగం నిజం. కాన్పయిన మొదటి మూడు నెలల్లో దాదాపు మూడింట ఒక వంతు ఆడవాళ్లకు ఎంతో కొంత మూత్రం జారుతుంది. అందరికీ ఉంది కదా అని ఊరుకోవడం మాత్రం, వానాకాలంలో అందరి ఇళ్లూ కారుతున్నాయి కదా అని మన కప్పు సర్దుకోకపోవడం లాంటిది. ఇది చాలామందిలో కండరం నీరసించడం వల్ల వచ్చే ఇబ్బంది. కాబట్టి కండరానికి పని నేర్పితే చాలా వరకు తగ్గుతుంది. ఆ నేర్పే పనినే పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ అంటారు.

నులక మంచం తెలిసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. ముందువైపు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక వెన్ను చివరి తోక ఎముక దాకా, తొడల మధ్య నులక అల్లినట్టు కండరాలు పరుచుకుని ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, మలాశయం ఈ మంచం మీదే కూర్చుంటాయి. మూత్రం, మలం, వాయువు బయటికి పోయే దారులు ఈ నులకలోంచే పోతాయి కాబట్టి ఆపాల్సింది, వదలాల్సింది కూడా ఇదే. కడుపు పెరిగేకొద్దీ తొమ్మిది నెలల బరువూ దాని మీదే పడుతుంది. సాధారణ కాన్పులో బిడ్డ తల దిగేటప్పుడు ఈ కండరంలోని కొన్ని భాగాలు మూడింతల దాకా సాగుతాయి. అంత సాగినది తిరిగి బిగుసుకోవాలంటే కొంత సాయం కావాలి. నులక వదులైతే మంచం పారేయం కదా, కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తాం.

నా సంగతీ చెబుతాను. రెండో కాన్పు తర్వాత ఏడాది పాటు నాదీ ఇదే గోడు. నేను చూపించుకున్న చోట చీటీ మీద "కెగెల్స్" అని ఒక్క ముక్క రాసి పంపేశారు. ఎలా చెయ్యాలో చెప్పినవాళ్లు లేరు. ఆరు నెలలు బుద్ధిగా చేశాను, తప్పుగా చేశాను. పైకి లాక్కోవాల్సింది పోయి కిందికి ముక్కాను. చివరికి ఒక ఫిజియోథెరపిస్ట్ చూసి, "మీరు కండరాన్ని బలపరచడం లేదమ్మా, ఇంకా కిందికి నెడుతున్నారు" అంది. ఆ తర్వాత మూడు నెలల్లో దగ్గుకు భయపడటం పోయింది. అందుకే ఈ విషయంలో నాకు కాస్త ఆవేశం ఎక్కువ.

చీటీ మీద ఉన్న ఆ పేరు ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టుది. ఈ వ్యాయామాల మీద ఆయన 1948లో వ్యాసం ప్రచురించారు. మన యోగాసనాల్లో మూలబంధం అనేదీ ఈ చోటిదే. కాకపోతే అక్కడ ఊపిరి బిగపడతారు, ఇక్కడ బిగపట్టకూడదు.

ఎలా చెయ్యాలో వివరంగా రాస్తాను, ఎందుకంటే తప్పు జరిగేది ఇక్కడే. ముందు మూత్రానికి వెళ్లి రండి. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోండి. నెలలు నిండుతున్నవాళ్లు వెల్లకిలా వద్దు, పక్కకు తిరిగి పడుకోండి. నలుగురిలో ఉన్నప్పుడు వాయువు బయటపడకుండా ఎలా ఆపుకుంటారో అలా వెనక దారిని బిగించండి. ఆ బిగింపునే ముందుకు, మూత్రం ఆపుకునే చోటికి తెచ్చి, రెండింటినీ కలిపి లోపలికి, పైకి లాక్కోండి. పిరుదులు గట్టిపడకూడదు. తొడలు దగ్గరికి రాకూడదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే అది బయటికి ఉబ్బకూడదు. మామూలుగా ఊపిరి తీస్తూ, పక్కవాళ్లతో మాట్లాడుతూ చెయ్యగలిగితే మీరు సరిగ్గా చేస్తున్నట్టే. మొదట్లో మూడు నాలుగు సెకన్లు పట్టి ఉంచి, అంతసేపూ పూర్తిగా వదిలెయ్యండి. వదలడం వ్యాయామంలో సగం, దాన్ని మరిచిపోతుంటారు. అలా ఎనిమిది నుంచి పదిసార్లు, రోజుకు మూడు విడతలు. వారాలు గడిచేకొద్దీ పది సెకన్ల దాకా పెంచండి. చివర్లో టకటకా బిగించి వదిలేవి ఓ పది చేర్చండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చెయ్యమని కొందరు చెబుతారు. అది అలవాటుగా చెయ్యకండి, మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది.

దుకాణంలో పనికొచ్చేది ఇంకొకటుంది. తుమ్మో దగ్గో వస్తుందనగానే, మూట ఎత్తబోయే ముందే, ఆ కండరాన్ని బిగించి ఉంచాలి. పదిహేను ఇరవై రోజులు సాధన చేస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నంత అలవాటుగా వచ్చేస్తుంది.

ఇదంతా కాన్పయ్యాక మొదలుపెట్టే పని కాదు. నెల తప్పిందని తెలిశాక, డాక్టర్ వద్దనకపోతే, అప్పుడే మొదలుపెట్టాలి. 2020లో కాక్రేన్ సంస్థ 21 దేశాల్లో పదివేల మందికి పైగా ఆడవాళ్ల మీద జరిగిన 46 పరిశోధనలను కలిపి చూసింది. అంతవరకు మూత్రం జారని గర్భిణులు ముందునుంచే ఈ వ్యాయామం చేస్తే, నెలలు నిండేనాటికి జారే ప్రమాదం 62 శాతం తగ్గింది. కాన్పయిన మూడు నుంచి ఆరు నెలల మధ్య 29 శాతం తగ్గింది. మందు లేదు, సూది లేదు, ఖర్చు లేదు. ఫ్రాన్స్‌లో అయితే కాన్పు తర్వాత ఈ ఫిజియోథెరపీకి ప్రభుత్వ ఆరోగ్య బీమాయే డబ్బు కడుతుంది.

పాతబస్తీలో గర్భిణులు ఎక్కువగా వెళ్లే చోటు పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, పాతవాళ్ల మాటలో జజ్గీఖానా. ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా నడుస్తుంది. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం మొదలైంది అక్కడే. తల్లికి చీరలు, బిడ్డకు సబ్బు, దోమతెర పెట్టి ఇచ్చే అలాంటి సంచీలో ఈ వ్యాయామం బొమ్మలతో ఒక కాగితం పెట్టడానికి ఏ ప్రభుత్వానికైనా ఎంత ఖర్చవుతుంది? సరే, అది జరిగేదాకా మీరే అడగండి. ఓపీ రోజున చీటీ రాయించుకునేటప్పుడు "ఫిజియోథెరపీకి రాసివ్వండి, ఆడ ఫిజియో ఎక్కడ ఉంటారు?" అని నేరుగా అడగండి. అక్కడ దొరక్కపోతే అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలోనో, పంజాగుట్ట నిమ్స్‌లోనో ఫిజియోథెరపీ విభాగాన్ని అడగమని డాక్టర్‌తో చీటీ రాయించుకోండి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి దారిఖర్చు బాధ లేదు. ఓపీ వరసలో కూర్చునే గంటలూ వృథా పోనక్కర్లేదు, ఒక విడత వ్యాయామం అక్కడే చెయ్యొచ్చు. ఎవరికీ కనబడదు.

చెప్పుకోలేకపోవడమే చాలామందికి అసలు అడ్డం. యాకుత్‌పురాలో మగ్గం పని చేసే ఒకామెకు "మూత్రం" అన్న మాట నోట రాలేదు. "వజూ నిలుస్తలేదు" అంది. నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడమే వజూ. ఒక్క చుక్క పడినా మళ్లీ వజూ చేసుకోవాల్సిందే, రోజుకు ఐదుసార్లు అదే బెంగ. ఆ ఒక్క మాటతోనే డాక్టరమ్మకు సంగతి అర్థమైంది. మీకు ఏ మాట వస్తే ఆ మాటే చెప్పండి. కింద బరువుగా ఉంది, ఏదో జారినట్టుంది, వాయువు ఆగట్లేదు, భర్త దగ్గరికి వస్తే నొప్పి, ఇవన్నీ ఇక్కడ చెప్పాల్సినవే. మూడు విడతల వ్యాయామాన్ని ఆ మగ్గం పని చేసే ఆమె మూడు నమాజులకు ముడిపెట్టుకుంది. మిగతావాళ్లకు చాయ్ ఉంది, సీరియల్ ఉంది.

ఫిజియో దగ్గర ఏం జరుగుతుందోనన్న భయంతో కూడా వెనకడుగు వేస్తారు. ముందు మాట్లాడతారు. ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తున్నారు, నీళ్లెన్ని తాగుతున్నారు, మలబద్ధకం ఉందా, కాన్పు ఎలా అయింది, కుట్లు పడ్డాయా అని అడుగుతారు. పొట్ట, నడుము, ఊపిరి తీసే తీరు చూస్తారు. కండరం సరిగ్గా బిగుస్తోందో లేదో తెలుసుకోవడానికి బయటినుంచి చూడొచ్చు, లేదా గ్లవ్స్ తొడిగిన వేలితో లోపల పరీక్షించొచ్చు. ఆ రెండోది మీరు ఒప్పుకుంటేనే. వద్దనొచ్చు, ఇంకోరోజు అనొచ్చు, తోడుగా ఒకరిని లోపల ఉంచుకోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు మీ డాక్టర్ సరేనంటేనే ఆ పరీక్ష.

వెళ్లి చూపించుకోవడానికి ఇంకో కారణముంది. అందరికీ కండరం వదులై ఉండదు. కొందరికి అది ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటుంది. కలయికలో నొప్పి, మూత్రం మొదలవడానికి ఆలస్యం, మలవిసర్జన కష్టం, ఇవి అలాంటివాళ్లలో కనిపిస్తాయి. వాళ్లు పుస్తకం చూసి ఇంకా బిగిస్తే బాధ పెరుగుతుంది. వాళ్లకు ముందు నేర్పేది వదలడమే.

సిజేరియన్ అయినవాళ్లు ఇది తమకు కాదనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తానికి అది 21.5. అంటే ఇక్కడ ఎక్కువమంది ఈ భ్రమలోనే ఉన్నారన్నమాట. కోతతో ముప్పు కొంత తగ్గుతుంది, పోదు. తొమ్మిది నెలలు మోసిన బరువు ఆ కండరం మీదే ఉంది కదా. పైగా పొట్ట కండరాలు కూడా కుదురుకోవాలి. మంచం మీంచి నిటారుగా లేవకుండా, పక్కకు తిరిగి చేతిమీద ఆనుకుని లేవండి. మూత్రం గొట్టం తీసేశాక, నొప్పి లేనంత మెత్తగా, బిగింపులు మొదలుపెట్టొచ్చు. కింద కుట్లు పడినవాళ్లకూ అంతే. చీలిక మలద్వారం దాకా పోయిందని చెప్పి ఉంటే మాత్రం ఫిజియోను తప్పనిసరిగా కలవండి.

నలభై రోజుల పురుడు, చిల్లా, మన పెద్దవాళ్ల ఏర్పాటు మంచిదే. ఆ విశ్రాంతి ఈ కండరానికి నిజంగా కావాలి. ఒక్క విషయంలోనే నాకు పేచీ ఉంది. పొట్ట లోపలికి పోవాలని చీరముక్కతో ఊపిరాడనంత బిగించి కడతారు. పైనుంచి నొక్కితే బరువంతా కిందికే దిగుతుంది. నడుముకు ఆసరాగా వదులుగా కట్టుకుంటే చాలు. పథ్యం పేరుతో నీళ్లు, కూరగాయలు మాన్పించి మలబద్ధకం తెప్పించడమూ ఇలాంటిదే. బాలింత ముక్కకూడదు.

ఇక ఉద్యోగం సంగతి. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే దుకాణమైతే, గడిచిన 12 నెలల్లో 80 రోజులు మీరు పనిచేసి ఉంటే, బతికున్న పిల్లలు ఇద్దరికంటే తక్కువ ఉంటే 26 వారాల జీతం సెలవు మీ హక్కు. ఇద్దరు గానీ అంతకు మించి గానీ ఉంటే 12 వారాలు. 26లో ఎనిమిదికి మించి కాన్పుకు ముందు వాడకూడదు. కాన్పయిన ఆరు వారాలు ఎవరూ మిమ్మల్ని పనిలో పెట్టకూడదు. ఇవి తెలిసినవే. అంతగా తెలియనివి రెండున్నాయి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం నుంచి 2020 సామాజిక భద్రత కోడ్ దాకా ఆ రెండూ కొనసాగుతూనే ఉన్నాయి.

మొదటిది, మీరు అడిగితే, కాన్పు తేదీకి ఆరు వారాల ముందుండే నెల రోజులూ, ఆ ఆరు వారాల్లో మీరు సెలవు పెట్టని రోజులూ, బరువైన పని గానీ గంటలకొద్దీ నిలబడే పని గానీ మీతో చేయించకూడదు. అంటే దాదాపు ముప్పయ్యో వారం నుంచి. అడిగితేనే అన్న మాట గమనించండి. నోటితో కాదు, కాగితం మీద అడగండి, ఫోన్‌లో మెసేజ్ అయినా సరే. రెండోది, గర్భం వల్లో కాన్పు వల్లో వచ్చిన అనారోగ్యానికి, డాక్టర్ రాసిచ్చిన రుజువు చూపిస్తే, 26 వారాలు కాక ఇంకో నెల దాకా జీతం సెలవు దొరుకుతుంది. మూత్రం ఆగకపోవడం, గర్భసంచి జారడం కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యాలే. చీటీలో ఆ మాట, ఫిజియోథెరపీ ఎన్ని వారాలు కావాలో, స్పష్టంగా రాయించుకోండి.

జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతుంటే, సెలవు జీతం ఇచ్చేది ఈఎస్ఐ. యజమాని జేబులోంచి పోయేది కాదు. ఈ సంగతి యజమానికి తెలియకపోతే మీరే చెప్పండి, గొడవ సగం తగ్గుతుంది. పదిమందిలోపు ఉన్న కొట్లలో పనిచేసేవాళ్లకు, ఇంట్లో అగరుబత్తీలు చుట్టేవాళ్లకు, లాడ్ బజార్ గాజులకు రాళ్లు అద్దేవాళ్లకు ఈ చట్టం చేయి అందదు. అది నిజం, దాన్ని తీపి చేసి చెప్పలేను.

ఈ వ్యాయామం ఫలితం కనబడటానికి దాదాపు మూడు నెలల సాధన కావాలి. అందుకని నా సలహా, డాక్టర్ విశ్రాంతి చెప్పకపోతే, ముందు ఎనిమిది వారాలూ వాడెయ్యకండి. కూర్చునే పని అడిగి తీసుకుని, వారాలను కాన్పు తర్వాతకు దాచుకోండి. తిరిగి వెళ్లాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు మీకున్నాయి.

తిరిగి వెళ్లిన మొదటి నెలలో మూటలు ఎత్తే పని ఇంకొకరికి ఇప్పించుకోండి. తప్పకపోతే మూటను ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, కింద బిగించి, ఊపిరి వదులుతూ లేపండి. నల్లా వచ్చే రోజు బిందెలకూ ఇదే లెక్క, రెండు బిందెలు ఒకసారి వద్దు. నేలమీద కూర్చుని పనిచేసేవాళ్లు అరగంటకోసారి లేవండి. మరుగుదొడ్డి లేదని పొద్దంతా నీళ్లు మానెయ్యడం మన బజారు ఆడవాళ్ల పాత అలవాటు. చిక్కటి మూత్రం సంచిని ఇంకా రేపుతుంది, ఇన్ఫెక్షన్లూ వస్తాయి. నీళ్లు తాగండి, మూడు నాలుగు గంటలకోసారి వెళ్లండి. ఊరికే ముందుజాగ్రత్తకని గంట గంటకూ వెళ్లడమూ మంచిది కాదు, సంచి కొంచానికే తొందరపెట్టడం నేర్చుకుంటుంది. ఇంకో మాట, కాన్పు తర్వాత వచ్చే మొదటి ఆషాఢంలో లాల్ దర్వాజా అమ్మవారి బోనం ఆడపడుచు నెత్తికెత్తండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

కింద గడ్డలా తగిలినా, మలం గానీ వాయువు గానీ ఆగకపోయినా, ఆరు వారాలు దాటినా మూత్రం జారుతూనే ఉన్నా ఆలస్యం చెయ్యకుండా చూపించుకోండి. మూత్రం అసలే రాకపోవడం, జ్వరం, దుర్వాసన, ఎక్కువ రక్తం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం అయితే అదేరోజు వెళ్లాలి, వ్యాయామంతో తేలేవి కావు.

గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుందని ఎవరైనా అంటే ఒక్క క్షణం ఆగండి. దేశంలో ఆ ఆపరేషన్ ఎక్కువగా జరుగుతున్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. దగ్గితే మూత్రం పడటానికి అది మందు కాదు. కొద్దిగా జారిన గర్భసంచికి ముందు ప్రయత్నించాల్సినవి ఫిజియోథెరపీ, లోపల పెట్టే పెస్సరీ రింగు. ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టకండి.

చివరిగా దుకాణాల యజమానులకు. కౌంటర్‌లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. మీరు చట్టం దాకా ఆగనక్కర్లేదు. తెల్లవారుజామున సహరీ దాకా కొట్లు తెరిచి ఉండే రంజాన్ సీజన్ మొదలయ్యేలోపు ప్రతి కౌంటర్ వెనకా ఒక స్టూలు వేయించండి.